కొత్త ట్యూబు వేసినా మళ్లీ గాలి దిగిపోతోందా? ముందు టైరు చూడండి

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ శివారు నార్సింగిలో ఆరుగురం సైకిళ్లతో కలుస్తాం. చేవెళ్ల మర్రిచెట్ల దాకా వెళ్లి, వచ్చేటప్పుడు టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలన్నది లెక్క. మొయినాబాద్ రాకముందే ఒకరి వెనక చక్రం మెత్తబడుతుంది. అందరూ దిగుతారు. ఒకరు చక్రం ఊడదీస్తారు, ఒకరు కొత్త ట్యూబు విప్పుతారు, ఇంకొకరు పంపు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. పది కిలోమీటర్లు పోయాక అదే చక్రం మళ్లీ నేలకు అంటుకుంటుంది. ఎన్నో ఆదివారాలుగా ఇదే చూస్తున్నాను. పాత ట్యూబుకు రంధ్రం ఎందుకు పడిందో తెలుసుకోకుండా కొత్తది ఎక్కించకండి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

బయల్దేరేటప్పుడే మెత్తగా ఉంటే

చాలాసార్లు అది పంక్చర్ కాదు. సన్నటి రోడ్డు సైకిల్ ట్యూబు వారం రోజులు మూలన ఉంటే దానంతట అదే కొంత గాలి వదులుతుంది. కిందటి ఆదివారం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో నింపి ఉంటే ఇంకా త్వరగా దిగుతుంది, ఎందుకంటే ఆ వాయువు రబ్బరులోంచి మామూలు గాలి కంటే వేగంగా బయటికి పోతుంది. పంపుతో నింపి గంట ఆగి చూడండి. ఇది శనివారం రాత్రే చేయండి. ఆదివారం ఉదయం అయిదున్నరకు చేస్తే మిగతా అయిదుగురు మీకోసం రోడ్డు మీద నిలబడాలి.

గుంతలో పడగానే దిగిపోతే

ట్యూబు మీద పాముకాటులా పక్కపక్కనే రెండు గాట్లు కనిపిస్తాయి. రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగిందన్నమాట. గాలి తక్కువ పెట్టడమే కారణం. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు, 70 కిలోల మనిషికి వెనక చక్రంలో గాలి ఒత్తిడి సుమారు 80 పీఎస్‌ఐ ఉండాలి. బొటనవేలితో నొక్కి చూస్తే 50కీ 80కీ తేడా తెలియదు, మీటరున్న పంపు వాడండి. గుంపులో వెళ్లేటప్పుడు ముందున్నవారు చేయి చూపించి గుంత ఉందని అరవాలి, వెనకవారికి రోడ్డు కనిపించదు.

కొత్త ట్యూబు కూడా నెమ్మదిగా దిగుతుంటే

ఇక్కడే ఆగి చదవండి. ఇది లారీ టైరు తీగ పని.

లారీల రేడియల్ టైర్లలో ఉక్కు తీగలు అల్లి ఉంటాయి. టైరు పేలి పేలికలైనప్పుడు ఆ తీగలు తునకలై రోడ్డు అంచుకు చేరతాయి. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డులో, చేవెళ్ల వెళ్లే బీజాపూర్ రోడ్డులో మనం తొక్కేది ఆ అంచునే. వర్షాకాలంలో బెడద ఇంకా ఎక్కువ. నీళ్లు చెత్తను అంచుకు తోస్తాయి, తడి రబ్బరులోకి తీగ సులువుగా దిగుతుంది. 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీదికి లారీలు రావు కానీ, అక్కడికి చేరడానికీ లారీలు తిరిగే రోడ్డే దిక్కు.

ఒక వానాకాలం శంకర్‌పల్లి దారిలో ఇది నన్ను బాగా దెబ్బ కొట్టింది. మా గుంపులో అందరికంటే చిన్నవాడి చక్రం దిగింది. "అన్నా, టైరంతా వేలితో తడిమాను, ఏమీ లేదు" అన్నాడు. నేనూ తడిమాను, నాకూ ఏమీ తగల్లేదు. మూడు ట్యూబులు వేశాం, మూడూ పోయాయి. చివరికి ఆ పిల్లవాణ్ణి సైకిలుతో సహా ట్రాలీ ఆటో ఎక్కించాం. సాయంత్రం ఆ టైరును తిరగేసి, దీపం కింద పెట్టి చూస్తే వెంట్రుకంత సన్నటి తీగ కనిపించింది. పొడవు బియ్యపు గింజలో సగం కూడా లేదు.

వేలికి ఎందుకు తగల్లేదు? గాలి తీసేసిన టైరు వదులుగా ఉంటుంది, తీగ మొన రబ్బరులోకి ఒదిగిపోతుంది. గాలి నిండి, మనిషి బరువు పడి, టైరు రోడ్డుకు అదిమినప్పుడు మాత్రమే మొన లోపలికి పొడుచుకొస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకు 470కి పైగా పోట్లు. పడిన రంధ్రం సూదిమొనంత, కాబట్టి గాలి ఒక్కసారిగా పోదు. బాగైపోయిందని నమ్మించి పది కిలోమీటర్లు తీసుకెళ్లి దించుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఒక్కటే. చక్రం విప్పకముందే వాల్వ్ ఎదురుగా టైరు మీద పెన్నుతో గీత పెట్టండి. ఇంట్లో టైరు ఎక్కించేటప్పుడే దాని పేరున్న చోటును వాల్వ్‌కు ఎదురుగా ఉంచితే ఆ గీత కూడా అక్కర్లేదు. తీసిన ట్యూబును పక్కకు విసరకండి. గుంపు హడావుడిలో ఎక్కువగా జరిగే తప్పు అదే, అక్కడితో ఆచూకీ పోతుంది. ట్యూబును రెండింతలు ఉబ్బేలా నింపి పైపెదవి దగ్గర నెమ్మదిగా తిప్పండి. ఎంత సన్నటి గాలైనా అక్కడ చల్లగా తగులుతుంది. వాల్వ్ నుంచి రంధ్రం ఎంత దూరంలో ఉందో జానతో కొలవండి. టైరు మీద గీత నుంచి అటు అంతే దూరం, ఇటు అంతే దూరం, రెండు చోట్లా వెతకండి, ట్యూబు ఏ వైపు తిరిగి ఉందో ఎవరికీ గుర్తుండదు.

ఆ చోట టైరును లోపలివైపు బయటికి వచ్చేలా గట్టిగా వంచండి. రబ్బరు సాగి మొన బయటపడుతుంది. కనిపించకపోతే దూదితో తుడవండి, పోగు చిక్కుకున్న చోటే తీగ ఉంటుంది. లోపలి నుంచి సూదితో బయటికి నెట్టి, పైనుంచి పట్కారుతో లాగండి. మొన మాత్రం కత్తిరించి వదిలేస్తే మిగిలిన ముక్క వచ్చే వారం మళ్లీ పొడుస్తుంది. ఒక తీగ దొరికాక మిగతా టైరంతా కూడా చూడండి. దూది, సూది, చిన్న పట్కారు కలిపి అగ్గిపెట్టెంత చోటు కూడా పట్టవు, సీటు కింద సంచిలో పడేయండి.

రంధ్రం లోపలివైపు ఉంటే

ట్యూబులో రిమ్ముకు ఆనుకునే వైపు రంధ్రం పడితే టైరును వెతకడం వృథా. రిమ్ములోని చువ్వల రంధ్రాలను కప్పే రిమ్ టేపు పక్కకు జరిగి, రంధ్రపు అంచు ట్యూబును కోస్తోంది. టేపు సర్దండి, ఇంటికెళ్లాక కొత్తది వేయండి.

మిగతావి

వాల్వ్ లోపలి ముక్క వదులైతే బిగించండి. టైరును రిమ్ము నుంచి లేపే మీటతో (టైరు లివర్) ట్యూబును నొక్కేసుకోవడం కొత్తవారికి జరుగుతుంది, చివరి భాగాన్ని చేతులతోనే ఎక్కించడం నేర్చుకోండి. రిమ్ చిట్లడం, ట్యూబు అతుకు ఊడటం చాలా అరుదు, వాటి గురించి రోడ్డు మీద ఆలోచించకండి. టైరు పక్క గోడ చీలితే మాత్రం పది రూపాయల నోటును నాలుగు మడతలు పెట్టి లోపల ఆనించి, గాలి కాస్త తక్కువ పెట్టి, నెమ్మదిగా ఇంటికి తొక్కండి. మరునాడు ఆ టైరు మార్చేయండి.