తుపాను రాకముందే డేటాబేస్‌ను ఊరు దాటించండి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. చాలా పేటల్లో కరెంటు రావడానికి రోజులు పట్టింది. కోస్తాలో సర్వర్ నడిపేవారు ఆ రోజును మనసులో పెట్టుకునే ఏర్పాట్లు చేసుకోవాలి. పక్క గదిలో రెండో సర్వర్ ఉంటే డిస్కు చెడినప్పుడు ఆదుకుంటుంది. తుపానుకు రెండూ కలిసే పడిపోతాయి. అందుకే ఒక స్టాండ్‌బై (అసలు సర్వర్ డేటాను ఎప్పటికప్పుడు కాపీ చేసుకుంటూ, అది పడిపోతే దాని స్థానం తీసుకునే సర్వర్) హైదరాబాద్ లాంటి దూరపు ఊళ్లో ఉండి తీరాలి.

ముందుగా ఎన్ని నిమిషాల డేటా పోయినా ఫర్వాలేదో, ఎన్ని గంటలు పని ఆగినా ఫర్వాలేదో యాజమాన్యం చేతనే రాయించుకోండి. ఆసుపత్రిలో రోగుల రికార్డులకు వచ్చే జవాబు జీతాల లెక్కలకు రాదు. ఏం కొనాలో ఆ తర్వాతే తేలుతుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో దూరపు స్టాండ్‌బైని సింక్రనస్‌గా, అంటే ప్రతి మార్పూ అక్కడికి చేరిందని జవాబు వచ్చాకే ముందుకు సాగేలా, పెట్టకండి. ఉన్న సింక్రనస్ స్టాండ్‌బై అదొక్కటే అయితే, లైను తెగిన మరుక్షణం ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) కమిట్లన్నీ, అంటే మార్పులను ఖాయం చేసే పనులన్నీ, ఆగి కూర్చుంటాయి. దగ్గరి స్టాండ్‌బైకి సింక్రనస్, దూరపుదానికి జవాబు కోసం ఆగని అసింక్రనస్ సరిపోతుంది. రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై ఇంకా తీసుకోని మార్పులను ప్రైమరీలో దాచి ఉంచే ఏర్పాటు) వాడుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. దూరపు స్టాండ్‌బై అందకుండా పోతే, దాని కోసం దాచిన వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్) పేరుకుపోయి ప్రైమరీ డిస్కు నిండిపోతుంది. బాగున్న సర్వర్ కూడా అలా ఆగిపోతుంది. 13వ వెర్షన్ నుంచి ఆ నిల్వకు హద్దు పెట్టే సెట్టింగు ఉంది, ఈరోజే చూసుకోండి.

స్టాండ్‌బై ఉంది కదా అని బ్యాకప్ మానేయవద్దు. ఇక్కడ పొరపాటున ఒక టేబుల్ చెరిపేస్తే క్షణాల్లో అక్కడా చెరిగిపోతుంది. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు స్టాండ్‌బై అనుకుని ప్రైమరీ డేటా ఫోల్డరునే తొలగించారు. బ్యాకప్ కోసం చూస్తే అది ఉండాల్సిన చోటు ఖాళీ. పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ సర్వర్ మీద 9.2 వెర్షన్ నాటి డంప్ (బ్యాకప్ తీసే) ప్రోగ్రామ్ నడవక రోజూ విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఎవరో ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) వారిని కాపాడింది. ఆ మధ్యలో చేరిన డేటా పోయింది. కాబట్టి సెప్టెంబరులోనే ఒక ఖాళీ యంత్రంలో బ్యాకప్‌ను పూర్తిగా రీస్టోర్ చేయండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మీ యాజమాన్యానికి ఇచ్చిన మాట ఆ అంకెకు సరిపోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

తుపాను విషయంలో మనకున్న గొప్ప వెసులుబాటు, అది చెప్పి వస్తుంది. వాతావరణ శాఖ 72 గంటల ముందు నుంచే దశలవారీగా హెచ్చరిస్తుంది. సర్వర్ పడిపోయేదాకా ఎందుకు ఆగాలి? 48 గంటల హెచ్చరిక రాగానే, లైను బాగున్నప్పుడే, రాత్రిపూట అప్లికేషన్లు ఆపి ప్రైమరీని పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. మిగిలిన వాల్ అంతా స్టాండ్‌బైకి చేరిందని చూసుకుని దాన్ని ప్రైమరీగా మార్చండి. ఒక్క వరుస కూడా పోదు. తుపాను దారి మళ్లితే మీకు పోయేది ఒక రాత్రి నిద్ర మాత్రమే. ఆ నిర్ణయం ఎవరిదో, వారు అందకపోతే ఎవరిదో ముందే ఖాయం చేయండి. పాస్‌వర్డులు, చేయాల్సిన పనుల వరుస కాగితం మీద సీల్డు కవరులో రెండు ఊళ్లలోనూ ఉంచండి. ఫోన్లు పనిచేయని రోజున విశాఖలో ఉన్నవారిని అడిగే వీలుండదు.

గాలి తగ్గి కరెంటు వచ్చాక పాత సర్వర్‌ను తొందరపడి ఆన్ చేయకండి. స్టాండ్‌బైగా మార్చకుండా లేపితే అది తానే ప్రైమరీ అనుకుంటుంది. రెండు చోట్లా కొత్త ఎంట్రీలు పడితే విడదీయడం నరకం. నెట్‌వర్క్ కేబుల్ తీసి, దాన్ని స్టాండ్‌బైగా సరిచేశాకే మళ్లీ కలపండి. రెండు సర్వర్ల డేటా వేరువేరైపోతే పీజీ రివైండ్ (పాత సర్వర్‌ను కొత్త ప్రైమరీకి సరిపోయేలా వెనక్కి తిప్పే పోస్ట్‌గ్రెస్ పరికరం) ఆదుకుంటుంది. అయితే అందుకు పోస్ట్‌గ్రెస్‌లో డేటా చెక్‌సమ్‌లు (డేటా చెడిందేమో పట్టుకునే సరిచూపు సంఖ్యలు) గానీ వాల్ లాగ్ హింట్స్ అనే సెట్టింగు గానీ ముందు నుంచే ఆన్‌లో ఉండాలి. రెండోదానికి సర్వర్ రీస్టార్ట్ కావాలి, కాబట్టి ఆ పని ఈ వారంలోనే పెట్టుకోండి.