మైఎస్‌క్యూఎల్ క్వెరీ ఫలితాన్ని వేరే సర్వర్‌లోని ఫైలుకు పంపడం ఎలా?

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో క్వెరీ (డేటాను అడిగే ఆదేశం) ఫలితాన్ని ఫైలుగా తీయాలనగానే చాలామంది ‘ఇంటూ అవుట్‌ఫైల్’ చేర్చి నడిపి, ఆ ఫైలు కోసం తమ కంప్యూటర్‌లో వెతుకుతారు. అది అక్కడ దొరకదు. దాన్ని రాసేది డేటాబేస్ సర్వరే కాబట్టి, మీరు ఎక్కడి నుంచి కనెక్ట్ అయినా ఫైలు డేటాబేస్ ఉన్న యంత్రంలోనే తయారవుతుంది. పైగా దానికి ‘ఫైల్’ అనే ప్రత్యేక అనుమతి ఉండాలి. ‘సెక్యూర్ ఫైల్ ప్రివ్’ సెట్టింగులో ఒక డైరెక్టరీ పేరు ఉంటే అందులోనే రాయాలి. అదే పేరుతో పాత ఫైలు ఉంటే రాయడానికి సర్వర్ నిరాకరిస్తుంది. అమెజాన్ ఆర్‌డీఎస్ వంటి సేవల్లో ఆ అనుమతి అసలు ఇవ్వరు. అందుచేత ఫైలు రాసే పనిని డేటాబేస్‌కు అప్పగించకుండా, ఫలితాన్ని క్లయింటు (డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్) చేత చదివించి, పైపు (ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతి కమాండ్‌కు అందించే ‘|’ గుర్తు) ద్వారా నేరుగా, ఫైలు చేరాల్సిన రెండో సర్వర్‌కు పంపడమే మేలు.

ముందుగా, డేటాబేస్‌నూ గమ్యస్థాన సర్వర్‌నూ రెండింటినీ చేరుకోగల లినక్స్ యంత్రాన్ని ఎంచుకోండి. అక్కడి నుంచి డేటాబేస్ 3306 పోర్టు, గమ్యస్థానం 22 పోర్టు అందుతున్నాయో లేదో చూసుకోండి (ఇవి మామూలుగా వాడే అంకెలు; మీ దగ్గర మార్చి ఉండవచ్చు).

తర్వాత లాగిన్ ఏర్పాట్లు. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాస్తే అది షెల్ హిస్టరీలో (నడిపిన కమాండ్ల జాబితాలో) మిగిలిపోతుంది కనుక, ‘మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఎడిటర్’తో ఒక లాగిన్ పాత్‌ను (లాగిన్ వివరాలను ఒక పేరు కింద దాచే ఏర్పాటు) సృష్టించుకోండి. అందులో ఇచ్చే డేటాబేస్ యూజర్‌కు సెలెక్ట్ (చదివే) అనుమతి చాలు. రెండో సర్వర్‌కు ఎస్‌ఎస్‌హెచ్ (వేరే యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీ పెట్టుకోండి.

ఇక అసలు కమాండ్. ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే అని వేరే చెప్పనక్కరలేదు.

మైఎస్‌క్యూఎల్ --లాగిన్-పాత్=నివేదిక --డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్=యూటీఎఫ్8ఎంబీ4 --క్విక్ -ఈ "సెలెక్ట్ * ఫ్రమ్ ఆర్డర్లు" దుకాణం | జీజిప్ | ఎస్‌ఎస్‌హెచ్ యూజర్@నిల్వ "క్యాట్ > ఆర్డర్లు.పార్ట్"

ఇందులో ‘నివేదిక’ లాగిన్ పాత్ పేరు, ‘ఆర్డర్లు’ టేబుల్ పేరు, ‘దుకాణం’ డేటాబేస్ పేరు, ‘నిల్వ’ రెండో సర్వర్ పేరు; ‘జీజిప్’ డేటాను కుదిస్తుంది. లాగిన్ పాత్ ఆప్షన్ మొదటే రావాలి. ‘క్విక్’ లేకపోతే క్లయింటు ఫలితమంతా మెమరీలో పోగేసుకున్నాకే బయటకు పంపుతుంది. లక్షల వరుసలున్న టేబుల్‌తో ఆ యంత్రం ఉక్కిరిబిక్కిరవుతుంది. క్యారెక్టర్ సెట్‌ను వదిలేయవద్దు. కనెక్షన్ లాటిన్1లో (తెలుగు అక్షరాలు లేని క్యారెక్టర్ సెట్) ఉంటే తెలుగు పేర్లున్న చోటల్లా ప్రశ్నార్థకాలు వస్తాయి, వాటి నుంచి అసలు పేర్లను తిరిగి రాబట్టే దారి లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం పైపులోనే దాగి ఉంటుంది. క్వెరీ సగంలో కనెక్షన్ తెగినా, జీజిప్ తనకు అందినంతవరకు పద్ధతిగా మూసేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ ‘విజయం’ అని చెబుతుంది. ఫైలు చక్కగా తెరుచుకుంటుంది, కానీ అందులో సగం వరుసలే ఉంటాయి. నేను ఒకసారి అలాంటి ఫైలునే పూర్తిదనుకుని పంపి, మర్నాడు మొత్తాలు కలవక తల పట్టుకున్నాను. అందుకే బ్యాష్‌లో ముందుగా ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ (పైపులో ఏ కమాండ్ విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్కించే సెట్టింగు) ఇచ్చి, పై కమాండ్ అంతా సక్రమంగా ముగిస్తేనే నడిచేలా ‘&&’ తర్వాత, ‘పార్ట్’ ఫైలుకు ‘ఆర్డర్లు.టీఎస్‌వీ.జీజెడ్’ అనే అసలు పేరు పెట్టే ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ చేర్చండి. అప్పుడు సగం ఫైలు ఎప్పటికీ ‘పార్ట్’గానే మిగులుతుంది.

చివరగా, గమ్యస్థానంలో ‘జీక్యాట్’ ద్వారా విప్పి ‘డబ్ల్యూసీ -ఎల్’తో లైన్లు లెక్కించండి. మొదటి లైను కాలమ్ పేర్లది కాబట్టి సంఖ్య వరుసలకన్నా 1 ఎక్కువ ఉండాలి. డేటాలో కొత్త లైను గుర్తులున్నా క్లయింటు వాటిని సంకేతాలుగా మారుస్తుంది కనుక, ‘రా’ ఆప్షన్ వాడనంతవరకు లెక్క తప్పదు. వచ్చేది కామాలతో కాదు, ట్యాబ్‌లతో విడదీసిన ఫైలు; విలువే నమోదు కాని చోట ‘నల్’ అనే మాటే ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వాడేవారికి పని ఇంకా తేలిక. మామూలు ‘కాపీ’కి ఫైలు పేరిస్తే అదీ సర్వర్‌లోనే రాస్తుంది గానీ, దాని క్లయింటు ‘పీఎస్‌క్యూఎల్’ నుంచి ‘కాపీ (క్వెరీ) టు ఎస్‌టీడీఅవుట్ విత్ సీఎస్‌వీ హెడర్’ అని ఇస్తే, కొటేషన్లతో సహా సరైన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా) పైపులోకి వస్తుంది. ఆపై జీజిప్ నుంచి మిగతా దారంతా అదే.