క్యారవాన్‌లో ప్లగ్ పాయింట్లు, అదనపు బ్యాటరీ అమర్చుకోవడం ఎలా?

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూస్తారు, ఉదయం 6 గంటలకు తెరుస్తారు. వేసవిలో ఆలస్యంగా చేరిన బండి ఆ రాత్రి అక్కడే ఆగాలి. ఇంజిన్ ఆపిన తరువాత ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్, ఫోన్ల చార్జింగ్ అన్నీ లోపలి బ్యాటరీ మీదే నడవాలి. క్యారవాన్‌గా మార్చుకున్న మా టెంపో ట్రావెలర్‌లో అలాంటి ఒక రాత్రి రెండు గంటలకే ఫ్యాన్లు ఆగిపోయి, పిల్లలు చెమటలతో లేచి కూర్చున్నారు. నల్లగొండకు తిరిగి వచ్చాక పెద్ద బ్యాటరీ, మరో నాలుగు ప్లగ్ పాయింట్లు పెట్టించాను. ఆ పనిలో ఒక తప్పు కూడా జరిగింది, దాని సంగతి వైర్ల దగ్గర చెబుతాను. 12 వోల్టులు షాక్ కొట్టవు కనుక ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. బండిని తగలబెట్టగలిగేది మాత్రం ఆ 12 వోల్టుల వైపే, ఎందుకంటే అక్కడ ప్రవహించే యాంపియర్లు చాలా ఎక్కువ.

ముందుగా వాడకం లెక్క

బ్యాటరీ కొనే ముందు ఒక రాత్రీ ఒక పగలూ కలిపి ఎంత కరెంటు వాడతారో కాగితం మీద రాసుకోవాలి. నలుగురున్న కుటుంబానికి 25 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 500 వాట్ అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది), 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు ఐదు గంటలు వెలిగితే 100, నాలుగు ఫోన్లకు 60, 45 వాట్ల చిన్న ఫ్రిజ్ కంప్రెసర్ ఎండాకాలంలో రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తే 540, మిక్సీ ఆరు నిమిషాలకు 50 అవుతాయి. మొత్తం 1,250 వాట్ అవర్లు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 12.8 వోల్టులది కనుక, దానితో భాగిస్తే ఇది సుమారు 98 యాంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచేది ఈ లెక్కలోనే. అందులో 80 శాతమే వాడుకోవాలనుకుంటే కనీసం 122 యాంపియర్ అవర్లది కావాలి కాబట్టి 150ది తీసుకోవడం మంచిది. లెడ్ యాసిడ్ (ట్యూబులర్ కూడా ఆ రకమే) అయితే సగానికి మించి ఖాళీ చేయకూడదు కనుక 200 యాంపియర్ అవర్లు దాటుతుంది.

ఏసీ గురించి ఇక్కడే చెప్పాలి. ఒక టన్ను ఏసీ సగటున 700 వాట్లు తీసుకున్నా ఎనిమిది గంటలకు 5,600 వాట్ అవర్లు అవుతాయి. దానికి లిథియంలోనే 550 యాంపియర్ అవర్లకు పైగా కావాలి. అంత బ్యాటరీ మోయడం కన్నా ఏసీని ఇంటి కరెంటు అందిన చోట మాత్రమే వాడుకోవడం నయమని నా అభిప్రాయం.

బ్యాటరీ రకం, దాన్ని పెట్టే చోటు

ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ చవక, మన ఊళ్లలో ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. అయితే 150 యాంపియర్ అవర్లది యాభై కిలోలు దాటుతుంది, చార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వాయువు వదులుతుంది, కుదుపులకు యాసిడ్ చిందుతుంది. కనుక మనుషులు పడుకునే గదిలో దాన్ని పెట్టకూడదు. బయటికి గాలి పోయే మార్గమున్న వేరే పెట్టెలో బిగించాలి. లిథియం ఫాస్ఫేట్‌కు ఈ ఇబ్బందులు లేవు, బరువు కూడా మూడో వంతుకు దగ్గర్లో ఉంటుంది, కానీ ఖర్చు ఎక్కువ.

ఏ రకమైనా వేడి పడదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఆయువు దాదాపు సగం తగ్గుతుంది. మే నెలలో నల్లగొండలో బయటే 43, 44 డిగ్రీలుంటే, తలుపులు మూసి ఎండలో నిలిపిన బండి లోపల అంతకన్నా చాలా ఎక్కువ వేడి ఉంటుంది. అందువల్ల ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ దూరంగా, ఎండ నేరుగా తగలని వైపు, నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల మధ్య బ్యాటరీని పెట్టి, సడన్ బ్రేక్ వేసినా కదలకుండా ఇనుప పట్టీతో బిగించాలి. గ్యాస్ సిలిండర్ ఉన్న అరలో బ్యాటరీ గానీ స్విచ్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి లీకైతే అడుగునే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఉన్న బ్యాటరీకి రెండోదాన్ని కలపదలిస్తే రెండూ ఒకే రకం, ఒకే సామర్థ్యం, దాదాపు ఒకే వయసువి కావాలి. విడివిడిగా పూర్తిగా చార్జ్ చేసిన తరువాతే పాజిటివ్‌కు పాజిటివ్, నెగటివ్‌కు నెగటివ్ కలపాలి. ఇన్వర్టర్‌కు వెళ్లే పాజిటివ్‌ను మొదటి బ్యాటరీ నుంచి, నెగటివ్‌ను రెండోదాని నుంచి తీసుకుంటే రెండూ సమానంగా అరుగుతాయి. లిథియంను లెడ్ యాసిడ్‌తో నేరుగా కలపకూడదు.

వైరు, ఫ్యూజు

మా బండిలో జరిగిన తప్పు ఇక్కడే. కొత్త బ్యాటరీ నుంచి వెనక ఫ్యాన్లకు వెళ్లే వైరును పనివాడు రేకు రంధ్రం గుండా ఒట్టిగానే లాగాడు, రబ్బరు బుష్ వేయలేదు, ఫ్యూజును బ్యాటరీ దగ్గర కాకుండా ఫ్యాను పక్కన పెట్టాడు. దేవరకొండ రోడ్డు కుదుపులకు రేకు అంచు తగిలి వైరు తోలు కోసుకుపోయి, రాగి బాడీకి అంటింది. ఆ చోటుకూ బ్యాటరీకీ మధ్య ఫ్యూజు లేకపోవడంతో కరెంటును ఆపేది ఏదీ లేక, ఎర్రగా కాలిన వైరు వాసన వచ్చింది. బండి ఆపి, పానాతో టెర్మినల్ ఊడదీసేసరికి సీటు కింద స్పాంజ్ నల్లబడింది. అప్పటి నుంచి ఫ్యూజు ఎక్కడుందో చూడకుండా నేను ఏ బండీ ఎక్కను.

కాబట్టి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నుంచి ఒక అడుగు లోపే ప్రధాన ఫ్యూజు ఉండాలి, అక్కడి నుంచి చిన్న ఫ్యూజుల పెట్టెకు, అందులో నుంచి ఒక్కో లైనుకు విడిగా ఫ్యూజు ఇవ్వాలి. ఫ్యూజు అనేది వైరును కాపాడేది, కనుక దాని విలువ వైరు మోయగలిగే దానికన్నా తక్కువ ఉండాలి. రేకులోంచి వెళ్లే ప్రతిచోటా రబ్బరు బుష్, మిగిలిన దారంతా ఫ్లెక్సిబుల్ పైపు తప్పనిసరి.

వైరు మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. బ్యాటరీ నుంచి 5 మీటర్ల దూరంలో 10 యాంపియర్లు వాడితే, పోనూ రానూ 10 మీటర్ల వైరు లెక్కన 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 0.7 వోల్టు పోతుంది, అదే 6 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.3 వోల్టు మాత్రమే. 1000 వాట్ల ఇన్వర్టర్ నిండు లోడ్ మీద బ్యాటరీ నుంచి 95 యాంపియర్లు లాగుతుంది. కనుక దాన్ని బ్యాటరీకి మీటరున్నర లోపే పెట్టి, 35 స్క్వేర్ ఎంఎం కేబుల్, 125 యాంపియర్ల ఫ్యూజు వేయాలి. లగ్గులను, అంటే వైరు చివర తొడిగే లోహపు కొనలను, ప్లయర్‌తో నొక్కడం కాదు, సరైన క్రింపింగ్ టూల్‌తోనే బిగించాలి. నెగటివ్‌ను బాడీ రేకు మీద వదిలేయకుండా వేరే వైరుతో తిరిగి బ్యాటరీకి తీసుకురావడం నమ్మకమైన పద్ధతి.

పని మొదలుపెట్టేటప్పుడు చేతి ఉంగరం, గడియారం తీసేసి, ముందు నెగటివ్ ఊడదీయాలి, చివర్లో నెగటివ్‌నే బిగించాలి.

చార్జింగ్

ఇంజిన్ ఆల్టర్నేటర్‌కు (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది) లిథియం బ్యాటరీని నేరుగా కలిపితే అది విపరీతంగా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ను వేడెక్కిస్తుంది. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి. అది 30 యాంపియర్లది అయితే నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు గంటన్నర ప్రయాణంలో 45 యాంపియర్ అవర్లు నిండుతాయి. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్, దాని నుంచి వీలైనంత కరెంటు రాబట్టి బ్యాటరీకిచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ ఉంటే మంచి ఎండ రోజున సుమారు 700 వాట్ అవర్లు, అంటే మరో 55 యాంపియర్ అవర్లు వస్తాయి. ప్యానెల్‌ను రేకుకు అంటించకుండా కింద గాలి ఆడే ఖాళీ వదలాలి.

230 వోల్టుల పాయింట్లు

ఇక్కడి నుంచి పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి, కానీ ఏం చేయించాలో మీకు తెలిసి ఉండాలి. ఇంటి కరెంటు లాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకోండి. దాని అవుట్‌పుట్ ముందుగా 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), తరువాత ఎంసీబీకి (లోడ్ మితిమీరితే ఆపేసే స్విచ్), అక్కడి నుంచి పాయింట్లకు వెళ్లాలి. 6 యాంపియర్ల పాయింటుకు 1.5, 16 యాంపియర్లదానికి 2.5 స్క్వేర్ ఎంఎం మల్టీ స్ట్రాండ్ వైరు వాడాలి. కుదుపులకు ఒంటి తీగ వైరు విరిగిపోతుంది. ఈ వైర్లనూ 12 వోల్టుల వైర్లనూ ఒకే పైపులో లాగకూడదు, ఎందుకంటే ఒకచోట నెగటివ్, మరోచోట న్యూట్రల్ రెండూ నలుపే కావడంతో తరువాత రిపేరు చేసేవారు పొరబడతారు.

చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. ఇన్వర్టర్ వైపు న్యూట్రల్‌ను ఎర్త్‌తో, అంటే బండి బాడీతో, ఒకచోట కలపకపోతే ఆర్‌సీసీబీ లీకేజీని పట్టుకోలేదు. టెస్ట్ బటన్ నొక్కితే అది పడడం ఈ కలయిక ఉందనడానికి రుజువు కాదు, బటన్ ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది. కొన్ని ఇన్వర్టర్లకు ఇలా కలపడం పనికిరాదు కాబట్టి మాన్యువల్ చూసే కొనాలి. బయటి కరెంటు తీసుకునే సాకెట్‌నూ ఇన్వర్టర్‌నూ ఒకసారి ఒక్కదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ ద్వారానే పాయింట్లకు ఇవ్వాలి, రెండూ ఎన్నడూ కలవకూడదు. బయటి కరెంటు మీద ఉన్నప్పుడు ఇన్వర్టర్ వైపు న్యూట్రల్, ఎర్త్ కలయిక విడిపోయేలా ఆ స్విచ్ ఉండాలి.

బంధువుల ఊళ్లో ఆగినప్పుడు ఇంటి ఎర్తింగ్ ఉందో లేదో పరీక్షించాకే ప్లగ్ పెట్టాలి. పొలం దగ్గర బోరు మోటారు స్టార్టర్ డబ్బాలోంచి మాత్రం ఎవరెంత చెప్పినా కరెంటు తీసుకోవద్దు. చాలాచోట్ల అక్కడ మూడు ఫేజులే ఉంటాయి, న్యూట్రల్ ఉండదు. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు వస్తాయి, ఒక ఫేజు పెట్టి రెండో తీగను భూమిలో పాతడం ప్రాణం తీసే పని.

పాయింట్లను పొయ్యికీ సింక్‌కూ దూరంగా, మంచాల తలవైపు ఒకటి, వంట బల్ల దగ్గర ఒకటి, తలుపు లోపల ఒకటి చొప్పున పెట్టుకుంటే ఎక్స్‌టెన్షన్ బాక్సుల అవసరం ఉండదు. ఫోన్లకు 12 వోల్టుల యూఎస్‌బీ పాయింట్లు విడిగా పెడితే రాత్రంతా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచనక్కరలేదు.

బండి రిజిస్ట్రేషన్ వివరాలు మారేంతటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి కావాలి. పని మొదలుపెట్టకముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి.

పరీక్ష

అంతా బిగించాక ఫ్యాన్లు, ఫ్రిజ్, మిక్సీ ఒక్కొక్కటిగా వేస్తూ, బ్యాటరీ దగ్గరా ఆ పాయింటు దగ్గరా మల్టీమీటర్‌తో వోల్టులు చూడాలి. 12 వోల్టుల లైనులో తేడా అర వోల్టు దాటితే వైరు సన్నమైనా అయి ఉండాలి, లగ్గు వదులైనా అయి ఉండాలి. ఇన్వర్టర్ మీద పెద్ద లోడ్ పావుగంట ఉంచి, ఆపిన వెంటనే ప్రతి లగ్గునూ వేలితో తాకి చూడాలి. వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నదాన్ని మళ్లీ క్రింప్ చేయించాలి. మొదటి 500 కిలోమీటర్ల తరువాత నట్లన్నీ మరోసారి పానాతో బిగించి, ఏ ఫ్యూజు ఏ లైనుదో రాసిన కాగితాన్ని ఫ్యూజుల పెట్టె మూత లోపల అతికించాలి.