సంక్రాంతి సీజన్‌కి ముందు: మన మనిషి దగ్గరా కండోమ్ తీయకండి

మొన్నటి ఆరు నెలల రక్తపరీక్షల్లో మా సెక్స్ వర్కర్లలో ఒకామెకి హెచ్ఐవీ పాజిటివ్ వచ్చింది. కస్టమర్ ఎంత ఎక్కువిస్తానన్నా కండోమ్ లేకుండా ఒప్పుకునే మనిషి కాదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి తనే దగ్గర కూర్చుని నేర్పేది. ఏళ్లుగా తనతో ఉంటున్న మనిషి దగ్గర మాత్రం వాడలేదు. అతన్నీ తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే అతనికీ ఉంది.

ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. భోగి నుంచి కనుమ దాకా గోదావరి జిల్లాల్లో పందెం బరుల చుట్టూ డబ్బు, మందు, పైఊళ్ల జనం. కస్టమర్‌తో కండోమ్ వాడమని మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2003లో హెచ్ఐవీ నివారణ కోసం అవాహన్ కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి పీర్ ఎడ్యుకేటర్లు, అంటే మనలోంచే వచ్చి నేర్పేవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, మీరు నేర్చుకున్నారు. నేను చెప్పేది ఇంటికొచ్చాక జరిగేదాని గురించి.

"అతనితో కూడా కండోమ్ అంటే కస్టమర్‌కీ అతనికీ తేడా ఏముంది అక్కా?" అని అడుగుతారు. ఆ మాట వెనకున్న బాధ నాకు తెలుసు. ఒక్కరి దగ్గరైనా ఆ ప్యాకెట్ చింపే పని లేకుండా ఉండాలనిపిస్తుంది. కానీ అతను లారీ ఎక్కి పది రోజులు పోతాడు. ఎక్కడ ఆగాడో, ఎవరి దగ్గర పడుకున్నాడో మీకు తెలీదు. మన మనిషే అయినా, కండోమ్ తీయకండి.

రెగ్యులర్‌గా వచ్చే కస్టమర్ కూడా ఇలాగే ఇంటి మనిషి అయిపోతాడు. చీర తెస్తాడు, పిల్లల ఫీజు కడతాడు, తర్వాత ఒకరోజు "నా మీద నమ్మకం లేదా?" అంటాడు. జారిపోయేది అక్కడే.

ఇంకో మాట కూడా అంటారు: "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకెందుకు?" మనలో చాలామందికి చిన్న వయసులోనే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. అది గర్భం రాకుండా ఆపుతుంది. హెచ్ఐవీని ఆపదు, సిఫిలిస్‌నీ ఆపదు. గొడవపడి ఒప్పించలేకపోతే డాక్టరమ్మ మీద పెట్టండి. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంది, వాడి తీరాలంది అని చెప్పండి. వీలైతే ఇద్దరూ కలిసి ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్లండి. పరీక్షకి డబ్బులు తీసుకోరు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ ఫలితం మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. నెగెటివ్ వచ్చిందని ఆ రాత్రే కండోమ్ తీసేయకండి. కొత్తగా సోకినది మూడు నెలల దాకా పరీక్షలో బయటపడకపోవచ్చు.

లాడ్జి సంగతికొస్తే, కండోమ్ లేకుండా రెట్టింపు ఇస్తాననేవాడు మీకు వడ్డీ కట్టాల్సిన వారమని తెలిసే అంటాడు. మీరు కాదంటే పక్క గదికి వెళ్తాడు. అందుకే పక్క గది ఆమె కూడా కాదనాలి. కోల్‌కతాలో సోనాగాచీ అనే రెడ్‌లైట్ ఏరియా ఆడవాళ్లు నిలబడింది ఈ పద్ధతి మీదే. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని అది. పండక్కి ఒకే చోట ఉండేవాళ్లు ముందే మాట్లాడుకోండి. రేటు తగ్గించుకున్నా సరే, కండోమ్ మాట మాత్రం తప్పొద్దు.

పోలీసులకి భయపడి కండోమ్‌లు పారేయకండి. కండోమ్ దగ్గరుండటం నేరానికి సాక్ష్యం కాదని 2022 మే 19న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

మిగతావి వరసగా చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

కొబ్బరినూనె, వాజిలీన్ రాయకండి, రబ్బరు పాడై చిరిగిపోతుంది. నీళ్ల జెల్లీ వాడండి.

రెండు కండోమ్‌లు ఒకదాని మీద ఒకటి వేయించకండి.

ప్యాకెట్ పళ్లతో చింపొద్దు. తేదీ చూడండి. ఎండలో పెట్టిన బండి డిక్కీలోవి వాడకండి.

తాగకముందే మాట తేల్చుకోండి. తాగినవాడు తొడుక్కుంటానంటే నమ్మకండి, మీరే తొడగండి.

ఒక్కడని చెప్పి గదిలో ముగ్గురుంటే లోపలికి వెళ్లొద్దు. ఏ లాడ్జి, ఏ గది, ఎప్పటికి తిరిగొస్తారో ఒక తోడు మనిషికి చెప్పి వెళ్లండి.

కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా లోపల సబ్బుతో, డెట్టాల్‌తో కడగకండి. లోపలి పొర దెబ్బతింటే వైరస్‌కి దారి ఇంకా సులువవుతుంది. వెంటనే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకో, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కో వెళ్లి, హెచ్ఐవీ సోకకుండా ఆపే పెప్ మందుల గురించి అడగండి. 72 గంటలు దాటితే ఇవ్వరు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మొదలుపెట్టాక 28 రోజులూ మింగాలి. పండగ అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

పుండు, తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటే మందుల షాపులో బిళ్లలు కొనుక్కోకండి. సుఖవ్యాధి ఉంటే హెచ్ఐవీ తేలిగ్గా అంటుకుంటుంది. డాక్టర్‌కి చూపించుకోండి, మీ మనిషికి కూడా మందు ఇప్పించండి. మీరొక్కరే మింగితే అతని నుంచి మళ్లీ వస్తుంది.

పాజిటివ్ అని తేలితే ఊరు వదిలి పోకండి. ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఇప్పటికే మింగుతున్నవాళ్లు పండగ హడావిడిలో ఒక్క పూట మానొద్దు, ఊరెళ్తే సంచీలో పెట్టుకెళ్లండి.

అనుమానం ఏదున్నా హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పండగ రోజుల్లో మన ఆఫీసు మూసి ఉంటుంది. భోగికి ముందే వచ్చి కండోమ్‌లు తీసుకెళ్లండి. లాడ్జికి తీసుకెళ్లేవి వేరు, ఇంట్లోకి వేరు. ఇంటి పెట్టె మన మనిషికి కనబడేలా పెట్టండి.