పాత కంప్యూటర్‌కు ర్యామ్ పెంచాలా, విండోస్ మార్చాలా? తేల్చుకోవడం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించిందని చెప్పగానే ఒకరు ర్యామ్ వేయించమంటారు, ఇంకొకరు విండోస్ మార్చమంటారు. ఈ రెండూ వేర్వేరు పనులు. ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు తాత్కాలికంగా ఉండే మెమరీ, దాన్ని పెంచేది వేగం కోసం. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేది ముఖ్యంగా భద్రత కోసం. కొత్త విండోస్ వేస్తే పాత మెషీన్ పరుగెత్తుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది, చాలాసార్లు దానికి బరువు పెరుగుతుంది కూడా.

1. ముందు కొలవండి

రోజూ వాడేవన్నీ తెరవండి: బ్రౌజర్‌లో మీకు అలవాటైనన్ని ట్యాబ్‌లు, వర్డ్, ఇంకేమైనా ఉంటే అవీ. కంప్యూటర్ మొరాయించడం మొదలయ్యాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'పెర్ఫార్మెన్స్' చూడండి.

మెమరీ 85, 90 శాతం దాటి అక్కడే ఉంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. మెమరీ సగమే వాడుతూ డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే, ఆ డిస్క్ 'హెచ్‌డీడీ' (లోపల పళ్లెం తిరిగే పాత రకం) అయితే, డబ్బు ర్యామ్ మీద పెట్టకండి. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. పాత కంప్యూటర్‌కు ఇంతకంటే తేడా తెలిసే మార్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

రెండూ నిండుగా కనిపిస్తే? ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్క్ మీదకు తోసి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. డిస్క్ గిలగిల్లాడేది ఆ తిరుగుడు వల్ల కూడా కావచ్చు. అందుకే మెమరీ అంకె ముందు చూడాలి.

2. ఏ ర్యామ్ పడుతుందో చూడండి

అదే మెమరీ పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర 2లో 1 అని ఉంటే ఒక స్లాట్ (ర్యామ్ గుచ్చే చోటు) ఖాళీ. డీడీఆర్3, డీడీఆర్4 అనేవి ర్యామ్ తరాలు. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. ఈ ముక్క తెలియక నేనొకసారి కొనుక్కొచ్చి, స్లాట్ మీద పెట్టి నొక్కి నొక్కి, చివరికి వాపసు ఇచ్చి వచ్చాను. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు తక్కువ వోల్టేజీ డీడీఆర్3ఎల్ రకాన్నే తీసుకుంటాయి. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, అదనపు స్లాట్ లేకపోతే ఇక చేసేదేమీ లేదు. మోడల్ నంబర్‌తో తయారీదారు మాన్యువల్ చూస్తే గరిష్ఠంగా ఎంత పడుతుందో తెలుస్తుంది.

సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో '32 బిట్' అని ఉందేమో కూడా చూడండి. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీ దాటి వాడుకోలేదు. ముందు 64 బిట్‌కు మారాలి, అంటే మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి.

బ్రౌజర్, ఆఫీసు పనులకు 8 జీబీ సరిపోతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవారు 16 చూసుకోవాలి.

3. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అంటే భద్రతా అప్‌డేట్లు ఇక మామూలుగా రావు. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (తాళాల్లాంటి రహస్య కీలను దాచే భద్రతా చిప్) కావాలి. 4 జీబీతో నడుస్తుంది కానీ ఓపిక మీకుండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిది అయి ఉండాలి. 'పీసీ హెల్త్ చెక్' యాప్ ఇవన్నీ చూసి చెబుతుంది. టీపీఎం లేదంటే అక్కడితో ఆగిపోకండి, చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది.

అర్హత లేకపోతే అడ్డదారిలో 11 ఎక్కించే చిట్కాలు దొరుకుతాయి. అలాంటి మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు కాబట్టి, నేనైతే వద్దంటాను. వాటి బదులు విండోస్ స్థానంలో వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే కాసేపు నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా అన్నది అక్కడే తేలిపోతుంది. మీ పనికి విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ తప్పనిసరైతే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.

4. ఏది ముందు?

ముందు బ్యాకప్. తర్వాత ర్యామ్ వేసి ఓ వారం వాడి చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ తర్వాతే. ఎస్‌ఎస్‌డీ కొన్నట్టయితే మాత్రం ఆగకుండా కొత్త సిస్టమ్ దాని మీదే వేసి, పాత డిస్క్‌ను తీసి అలాగే దాచుకోండి. ఏ ఫైలు మర్చిపోయినా అందులో ఉంటుంది.