స్వెటర్ అల్లికలో తప్పులు: ఎలా కనిపిస్తాయి, ఎందుకు వస్తాయి, ఎలా సరిచేయాలి

తప్పు కంటపడగానే సూది లాగేసి విప్పడం మొదలుపెట్టకండి. తప్పు కొలతలో ఉందా, కుట్టులో ఉందా, అంచులో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక్క కుట్టులో తప్పయితే ఆ కుట్టు వరకే దిగి సరిచేయొచ్చు. అంచు తప్పయితే అంచు విప్పితే చాలు. కొలత తప్పినప్పుడే మొత్తం విప్పాల్సి వస్తుంది. కింది లెక్కలు డీకే (డబుల్ నిటింగ్) అనే మధ్యస్థ మందం ఊలుకు, 8 నంబర్ సూదికి, అంటే 4 మి.మీ. సూదికి వేసినవి.

లెక్క ప్రకారమే అల్లినా సైజు తప్పింది

ప్యాటర్న్, అంటే అల్లిక సూచనల కాగితం, 10 సెం.మీ.లో 22 కుట్లు అంటుంది. 90 సెం.మీ. చుట్టుకొలతకు ముందూ వెనకా కలిపి 198 కుట్లు ఎక్కిస్తారు. మీ చేయి కాస్త వదులై 10 సెం.మీ.లో 20 కుట్లే పడితే ఆ 198 కుట్లే 99 సెం.మీ. అవుతాయి. తేడా రెండు కుట్లే, స్వెటర్ మాత్రం ఒక సైజు పైకి పోయింది.

అందుకే ముందు నమూనా ముక్క అల్లాలి. 34 కుట్లు ఎక్కించి 42 వరుసలు అల్లండి. స్వెటర్‌ను ఎలా ఉతుకుతారో ముక్కనూ అలాగే ఉతికి, ఆరాక మధ్యలో 10 సెం.మీ. కొలవండి. అంచుల దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది. 20 కుట్లు వస్తే 9 నంబర్ సూదికి మారండి, 24 వస్తే 7 నంబర్‌కు. మన షాపుల సూదుల్లో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా ప్యాటర్న్‌లతో ఇంకో చిక్కుంది. వాళ్ల లెక్క దీనికి తలకిందులు. అక్కడ 8 నంబర్ అంటే 5 మి.మీ., మన దగ్గర 4 మి.మీ. నంబర్ చూసి సూది కొంటే అట్టముక్కలా బిగుసుకున్న చిన్న స్వెటర్ చేతికొస్తుంది. నంబర్ వదిలేసి మి.మీ. ఒక్కటే చూడండి.

కుట్లు వాటంతట అవే పెరుగుతున్నాయి

పెరుగుదల అంచు దగ్గరే అయితే, వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగుతున్నారని అర్థం. అలా లాగితే కింది వరుస కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ, అంటే ఉచ్చు రెండు వైపులూ, రెండు కుట్లలా కనిపిస్తాయి. దారాన్ని సూది కిందుగా వెనక్కి తీసుకెళ్తే ఇది ఆగుతుంది. ఇప్పటికే ఒకటి పెరిగి ఉంటే, అంచులో రెండు కుట్లు కలిపి అల్లేయండి. కుట్టేటప్పుడు అది లోపలికి పోతుంది.

మధ్యలో చిన్న రంధ్రంతో పాటు పెరిగితే కారణం వేరు. రిబ్, అంటే నిట్, పర్ల్ కుట్లు మార్చి మార్చి వేసే సాగే అల్లిక, అల్లేటప్పుడు నిట్ నుంచి పర్ల్‌కు, కొందరి మాటలో సీదా నుంచి ఉల్టాకు, మారే చోట దారం సూదుల మధ్య నుంచి ముందుకు రావాలి. సూది మీదుగా వస్తే అదనపు చుట్టు పడుతుంది. తర్వాతి వరుసలోనే చూస్తే ఆ చుట్టును సూది నుంచి జార్చేయండి, పక్క కుట్లు ఆ వదులును లాక్కుంటాయి. పది వరుసలు దాటాక జారిస్తే అక్కడ వదులు పట్టీలా మిగిలిపోతుంది. కాబట్టి ప్రతి ఎనిమిది పది వరుసలకు ఒకసారి కుట్లు లెక్కపెట్టుకోండి.

ఒక కుట్టు తగ్గింది, కింద నిచ్చెన పడింది

జారిన కుట్టుకు వెంటనే పిన్నీసు పెట్టండి. తర్వాత నిట్ వైపు మీకు ఎదురుగా ఉంచి, క్రోషే సూదిని ముందు నుంచి ఆ కుట్టులోకి దూర్చి, దాని పైనున్న అడ్డదారాన్ని, అంటే నిచ్చెన మెట్టును, పట్టి ముందుకు లాగండి. కింది నుంచి పైకి ఒక్కో మెట్టూ ఇలాగే. మెట్టు దాటిపోతే అక్కడ అడ్డగీత మిగులుతుంది. సూది మీద తిరిగి ఎక్కించేటప్పుడు కుట్టు కుడి కాలు సూదికి ముందుండాలి.

ఆ కాలు వెనక ఉండగా మామూలుగా అల్లితే కుట్టు మెలిపడి, మొదట్లో చిన్న కత్తెర గుర్తులా కనిపిస్తుంది. అన్ని కుట్లూ అలాగే ఉన్నాయంటే పర్ల్ వరుసలో దారాన్ని ఎదురు దిక్కున చుడుతున్నారన్నమాట. సగం వీపు అయ్యాక ఇది తెలిస్తే ఆ స్వెటర్ మొత్తం అలాగే పూర్తి చేయడం నయం. మధ్యలో మారిస్తే మారిన చోటు తెలిసిపోతుంది.

అడ్డంగా చారలు

రంగు ఒకటే అయినా గుడ్డ వరుస వరుసకూ ఎగుడుదిగుడుగా ఉంటే పర్ల్ వరుసలు వదులవుతున్నాయి. చాలామందికి ఇది సహజం. పర్ల్ వరుసలో కుడి చేతికి 9 నంబర్, నిట్ వరుసలో 8 నంబర్ సూది వచ్చేలా జత మార్చుకోండి. కుట్టు సైజును తేల్చేది కుడి చేతి సూదే.

రంగులోనే తేడా ఉంటే ఉండల మీది లాట్ నంబర్, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్, చూడండి. వేరు లాట్లు తప్పనప్పుడు రెండు ఉండలనూ రెండేసి వరుసల చొప్పున మార్చి మార్చి అల్లితే గీత కనబడదు.

మెడలోంచి తల దూరడం లేదు

పిల్లల స్వెటర్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. రెండేళ్ల బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 48 సెం.మీ. మెడ అంత సాగాలి. రిబ్ సాగుతుంది, ముగించిన చివరి వరుసే సాగదు. ఆ ఒక్క వరుస విప్పి, కుడి చేతికి 6 నంబర్, అంటే 5 మి.మీ. సూది తీసుకుని మళ్లీ ముగించండి. అయినా చాలకపోతే ఒక భుజం కుట్టు 5 సెం.మీ. విప్పి రెండు బొత్తాలు పెట్టండి.

బొత్తాల పట్టీ అలలు తిరుగుతోంది

నిలువు అంచులో ప్రతి వరుసకూ ఒక కొత్త కుట్టు సూది మీదికి తీస్తే ఇలాగే అవుతుంది. నాలుగు వరుసలకు మూడు కుట్లు తీయాలి. 140 వరుసల అంచుకు 105 కుట్లు. పట్టీ లోపలికి ముడుచుకుపోతే తక్కువ తీశారని తెలుసుకోండి.

కింది అంచు చుట్టుకుపోతోంది

ఒకవైపు నిట్, మరోవైపు పర్ల్ ఉన్న గుడ్డ స్వభావమే అంత. ఇస్త్రీతో నిలవదు. కింది అంచు నుంచి కొత్త కుట్లు సూది మీదికి తీసి 10 నంబర్ సూదితో 5 సెం.మీ. రిబ్ అల్లండి.

ఉతికాక పాడైంది

ముందు ఊలు ఏదో చూడండి. చిన్న ముక్కను పట్టకారుతో పట్టి సింక్ మీద వెలిగిస్తే యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. గొర్రె ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది. యాక్రిలిక్ తడి బరువుకు తాడు మీద సాగిపోతుంది కాబట్టి తువాలు మీద పరిచి ఆరబెట్టండి. వేడి ఇస్త్రీ తగిలి చచ్చుబడితే ఇక తిరిగిరాదు. గొర్రె ఊలు వేడి నీళ్లలో నలిపితే పీచు పీచుకు పెనవేసుకుని కుంచించుకుపోతుంది. కుట్లు ఇంకా విడివిడిగా కనిపిస్తుంటే గోరువెచ్చని నీళ్లలో కాస్త హెయిర్ కండిషనర్ కలిపి అరగంట నానబెట్టి, మెల్లగా లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టి చూడొచ్చు. కుట్లు కలిసిపోయి గొంగళిలా గట్టిపడితే మాత్రం కత్తిరించి టీ కెటిల్ కింద వేసుకోవడమే.