కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్‌కు డేట్ ఇచ్చారా? ఈలోగా ఈ జాగ్రత్తలు

భయంతో ఆపరేషన్ వాయిదా వేసి నాటుమందు మొదలుపెట్టకండి. గడ్డ కిడ్నీ దాటకముందే తీసేస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ. పైగా కొన్ని మూలికలు మిగిలే కిడ్నీనే దెబ్బతీస్తాయి.

"ఈలోగా పెరిగిపోతుందేమో" అని కుమిలిపోకుండా సర్జన్‌నే సూటిగా అడగండి: గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నాళ్లు ఆగొచ్చు, కిడ్నీ మొత్తం తీస్తారా, గడ్డ వరకేనా? 4 సెంటీమీటర్ల లోపు గడ్డలు చాలావరకు నెమ్మదిగానే పెరుగుతాయి. ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరు ఎదుట కూర్చుంటే సగం మర్చిపోతాం.

నిద్ర పట్టట్లేదని మద్యం, పక్కింటివాళ్ల నిద్రమాత్రలు వద్దు. మత్తు డాక్టరుకు మీరు వేసుకునే ప్రతి మాత్రా తెలియాలి. రక్తం పలచబరిచే మందు ఆపాలా వద్దా అన్నదీ వాళ్లే చెప్పాలి.

నొప్పి మాత్రలు కూడా అడిగే వేసుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీకి భారం.

అర్ధరాత్రి ఫోన్‌లో బతికే శాతాలు వెతకొద్దు. అన్ని స్టేజీలూ కలిపిన అంకె మీ రిపోర్టుకు వర్తించదు.

పరామర్శ ఫోన్లు ఇంట్లో ఒకరికే అప్పగించండి. "మా బాబాయికీ ఇలాగే..." కథలు ఈ సమయంలో వినాల్సినవి కావు.

గుండెదడ, దిగులు తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మూత్రంలో రక్తపు గడ్డలు, మూత్రం ఆగిపోవడం, చలిజ్వరం కనిపిస్తే కంగారు వల్లే అనుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.